కార్చిచ్చు నార్పుట కెవరు పోవలెను?



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీకు క్రొత్తది కాదు. శేషాచలపు కొండలక్రింద, చంద్రగిరి ప్రక్కను, తలకోన దాపునను, అటు పలమనేరు కుప్పముల యడవి యంచునను కాపురమున్నవారు మాఘమాసము దాటినది మొదలు తొలకరి పడువఱకు రాత్రివేళల కొండవైపు చూచుచునే యుందురు. చీకటిలో గట్టుమీద ఎఱ్ఱని చార యొకటి కనబడును. దూరమునుండి చూచువారికి అది దీపముల తోరణమువలె నుండును. నా చిన్ననాట పిల్లలము అరుగుమీద గూర్చుండి ఆ తోరణమును చూచి సంతోషించెడివారము. మా నాయన మాత్రము "గాలి యెటు తిరుగుచున్నదో చూడండిరా" అని లేచి వీధిలోనికి పోయెడివాడు. ఆ మాటలోని భయము నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

రెండేండ్ల క్రిందట వేసవిలో మా యూరి రచ్చబండ కడ నొక పెద్దాయన నన్నడిగెను: "అయివారూ, కొండ కాలతా ఉంది. మనం పోవల్లనా, పోకూడదా? పోకపోతే తప్పంటారా? పోయి కాళ్లు కాల్చుకుంటే మనకెవరు దిక్కు?"

ముప్పది నాలుగేండ్లు బడిలో వ్యాకరణమును ప్రబంధములను చెప్పినవాడను. నేను చదివిన సూత్రములలో ఈ ప్రశ్నలకు సమాధానము లేదు. తిరుపతిలో వకీలుపని చేయు మిత్రు డొక డుండుటచేత, అతని యింట కొన్ని దినములు గూర్చుండి చట్టముల పుస్తకములను చదివితిని. అందు తెలిసినదానిని, కంటితో చూచినదానిని కలిపి మీకు విన్నవించుచున్నాను.

ఆ పెద్దాయన యట్లడుగుటకు కారణము కలదు. అంతకు ముందటి యేడు చైత్రమున మా యూరికి పడమట గట్టు అంటుకొన్నది. సాయంకాలము వాచరు వచ్చి కేక వేయగా ఎనిమిదిమంది యువకులు పచ్చిమండలు విఱుచుకొని పోయిరి. వారిలో నొకడు నా శిష్యుడు. ఉత్పలమాలకు గణములు చెప్పలేక నాచేత చీవాట్లు తిన్నవాడు. మేకలను మేపుకొని జీవించువాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు. చిచ్చు క్రిందినుండి పైకి వచ్చుచుండగా వీరు దానికి ఎగువగా పోయి నిలిచిరి. గాలి తిరిగెను. ఏడుగురు బండ యెక్కి తప్పించుకొనిరి. వీని చెప్పు కరగి పాదమున కంటుకొన్నది. రెండు నెలలు వైద్యము జరిగెను. పిదప ఖర్చుల నిమిత్తము ఒక కార్యాలయమునకు అర్జీ పెట్టగా, "ఇతని పేరు ఏ పట్టీలో నున్నది? పిలిచినవా రెవరు?" అని యడిగిరి. పిలిచిన వాచరును దినకూలివాడే. వాని పేరును ఆ నెల పట్టీలో లేదట. మూడు అర్జీలు నేనే వ్రాసితిని. వ్యాకరణదోషము లేకుండ వ్రాసితిని గాని ఫలము లేకపోయెను. వాడు నేటికిని కుంటుచునే మేకల వెంట పోవుచున్నాడు.

ఇక చట్టము మాట. 1882వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వము అడవుల చట్టమును చేసెను. రిజర్వు అడవి యను మాట మన పల్లెల నోటికి వచ్చినది దానితోడనే. దాని స్థానమున 1967లో ఆంధ్రప్రదేశపు అడవుల చట్టము వచ్చెను. దేశములోని పెక్కు ఇతర రాష్ట్రములలో నడచునది 1927 నాటి భారత అడవుల చట్టము. వీని సంఖ్యలును సెక్షనులును వేఱైనను ధోరణి యొక్కటియే. కార్చిచ్చు విషయమున 1927 చట్టపు 79వ సెక్షను మిక్కిలి స్పష్టముగ నుండుటచేత దానినే మీకు విప్పి చెప్పెదను.

అడవిలో నేదేని హక్కు గలవారు, కట్టెయో, ఆకో, మఱియే సరకో తెచ్చుకొనుటకు, పశువులను మేపుకొనుటకు అనుమతి పొందినవారు, అట్టివారిక్రింద ఆ యడవిలో పనిచేయు కూలీలు, అడవి నానుకొన్న గ్రామములో ప్రభుత్వోద్యోగము చేయువారు, లేదా గ్రామజనులకు చేయు సేవకై ప్రభుత్వమువలన జీతము పొందువారు, వీరందఱును బద్ధులు. అడవి అంటుకొన్నదని తెలిసిన వెంటనే దగ్గఱనున్న అటవీ అధికారికో పోలీసు అధికారికో కబురు చేయవలెను. పిలిచినను పిలువకున్నను ఆర్పుటకు పూనుకొనవలెను. అడవికి వెలుపల మంట లేచినచో అది అడవిలోనికి పాఱకుండ న్యాయమైన ఉపాయములచే అడ్డుకొనవలెను. చేయనివారికి ఒక నెల వఱకు ఖైదో, 200 రూపాయల వఱకు జరిమానాయో, రెండునో.

"పిలిచినను పిలువకున్నను" అను మాటను గమనింపుడు. అందులో చట్టము గ్రామస్థుని కూలిగాడుగ చూడలేదు, కావలివానిగ చూచినది. గ్రామజనులసేవకై జీతము పొందువారనగా ఆకాలమున కరణము, మునసబు, తలారి. ఆ వంశపారంపర్యపు కొలువులు మన రాష్ట్రమున 1984లో రద్దయినవి. చట్టపు మాటలనుబట్టి చూచిన నేడు ఆ స్థానమున నుండువారు గ్రామ సచివాలయపు ఉద్యోగులు. అంతేకాదు, కొండక్రింది బడిలో పనిచేసిన నావంటి పంతులును ఆ మాటలలోనికి వచ్చును. కొండ కాలుచుండగా నేను పిల్లలకు దావానలము సమాసమా, ఏకపదమా అని ప్రశ్న లడుగుచు గూర్చుంటిని గాని, లేచి కబురు చేయుట నా విధి యని నా కెవ్వరును చెప్పలేదు, నేనును చదువలేదు.

తిరుపతి తిరుమల ప్రాంతమున నింకొక చట్టమును కలదు. శేషాచలములో 353 చదరపు కిలోమీటరుల యడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమైనది. దానిని చేర్చుకొని 2010లో శేషాచల జీవావరణమును ప్రకటించిరి. జాతీయోద్యానమునకును, ఏనుగులుండు కౌండిన్య అభయారణ్యమునకును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వర్తించును. దాని 30వ సెక్షనుచే అందు నిప్పు పెట్టుటయు, అడవికి ముప్పు కలుగునట్లు మంట వేయుటయు, వేసిన మంటను ఆర్పక వదలుటయు నేరము. 27వ సెక్షనుచే లోపల నివసించువారు తెలిసిన మంటను ఆర్పుటకును, చుట్టుప్రక్కల మంట లోనికి రాకుండ చూచుటకును బద్ధులు. ఇక పొలముగట్టున తుప్పలు కాల్చి అజాగ్రత్తచే పరులకు హాని కలుగజేయువారికి, అది అడవి కాకున్నను, 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షనున ఆఱు నెలల వఱకు ఖైదు కలదు. చుట్ట పీక పాఱవేయునప్పుడు దీనిని తలచుకొనుట మేలు.

కావున పెద్దాయన మొదటి ప్రశ్నకు సమాధానము: అడవిమీద బ్రదుకువారు పోవలెను. ఐతే "ఆర్పుటకు పూనుకొనవలె" నని చట్ట మన్నది గాని మంటలోనికి దుముకు మనలేదు. తగినవానిని పంపుట, కబురు చేయుట, త్రోవ చూపుట, నీళ్ళు మోయుట ఇవన్నియు పూనికయే యని నా బుద్ధికి తోచుచున్నది.

ఇక్కడ చిన్న ముచ్చట యొకటి. బద్ధులని వ్రాసినంతమాత్రమున జనులు వత్తురా? 1921 వేసవిలో హిమాలయపు కుమావూను ప్రాంతమున దేవదారు జాతి అడవులు విస్తారముగ కాలినవి. అంతకు కొంతకాలము ముందే ప్రభుత్వము ఆ యడవులను రిజర్వు చేసి, గడ్డికిని కట్టెకును, ఏటేట గడ్డి కాల్చుకొను వాడుకకును అడ్డములు పెట్టెను. జనులు కోపించిరి. నిప్పు పెట్టినవారు కొందఱు; ఆర్పవలసియు రానివారు పెక్కురు. తుదకు ప్రభుత్వము వారి కష్టములను విచారించుటకు సంఘమును నియమించి కొన్ని యడవులపై పట్టు సడలించెను; 1931లో వన పంచాయతీలకు నియమము లేర్పడెను. మన రాష్ట్రమున 1992 మొదలు వన సంరక్షణ సమితులు పెట్టుటలోని యూహయు నిదియే. అడవి ఫలములో పాలు గలవాడు పిలువకనే పోవును. పాలు లేనివాడు జరిమానాకు భయపడి పోయినను మండను నేలకు కొట్టు కొట్టులో తేడా యుండును.

రెండవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. ఆర్పుట కందఱు బద్ధులు. అంటించుటకు మాత్రము కొందఱికే అధికారము. మన పల్లెలలో దీనిని కలగలిపివేయుదురు. ఎదురుమంట పెట్టి చిచ్చు నాపుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. వచ్చుచున్న మంటకు ముందు కొంత గడ్డిని మనమే కాల్చివేసినచో, అది వచ్చి తినుటకు మేత లేక చచ్చును. ఐనను గాలి పోకడ, వాలు, అవతలనున్న మనుష్యులు తెలియనివాడు పెట్టిన ఎదురుమంట రెండవ కార్చిచ్చగును. మొదటి చిచ్చు నార్ప పోయినవారు రెంటి నడుమ చిక్కుదురు. అందుచేత ఎదురుమంట పెట్టుట అక్కడనున్న అధికారి చెప్పినప్పుడు, చెప్పినచోట మాత్రమే జరుగవలెను.

చిచ్చు రాకముందే కాల్చుట యింకొకటి. ఆఫీసువారు దీనిని కంట్రోల్ బర్నింగు అందురు; నేను అదుపుమంట యనుచున్నాను. పుష్య మాఘములలో గడ్డి సగము ఎండి, తెల్లవాఱుజామున మంచు ఇంకను పడుచున్నపుడు, అడవిలో ముందే గీచి గడ్డి కోసియుంచిన ఫైరులైనుల వెంట బోదను, రాలిన యాకును కొద్దికొద్దిగ కాల్పింతురు. వేసవిలో చిచ్చు వచ్చి ఆ నల్లని దారికడ నిలిచిపోవును. ఎక్కడ గీయవలెను, ఎప్పుడు కాల్పవలెను అనునది ఆ డివిజను పనిప్రణాళికలో నుండును. జాతీయోద్యానములో నైనచో వన్యప్రాణి అధికారుల ప్రణాళికలో నుండును. డి.ఎఫ్.ఓ. గారి యుత్తరువుమీద రేంజరు గారి పర్యవేక్షణలో గార్డులును వాచరులును కాల్పింతురు. మేకలకు క్రొత్తచిగురు కావలెనని మనము ఫాల్గునములో పెట్టు నిప్పు అదుపుమంట కాదు, నేరము. చిగురు వచ్చుట నిజమే. ఐతే ఆ మంటలో ఎఱ్ఱచందనపు లేతమొలకలును మొగి మొలకలును పోవును. పెద్దచెట్లు నిలిచియున్నవి గదా యని మనము తృప్తిపడుదుము. వాని తరువాతి తరము లేదని ముప్పదేండ్లకు గాని తెలియదు.

పురాణము చదువుకొన్నవాడను గనుక ఖాండవదహనము గుర్తు వచ్చుచున్నది. అగ్నిదేవుడంతటివాడు కూడ కాల్చుటకు ముందు కృష్ణార్జునులను ఇరుప్రక్కల కాపు పెట్టుకొనెను. ఆ కథలోని హింసను నేను మెచ్చుకొనుట లేదు. కాపు లేక ఒంటిగ అగ్గిపుల్ల గీయువాడు అగ్నికన్న సాహసి యని మాత్రము చెప్పుచున్నాను.

మూడవ ప్రశ్న యందఱిలోను కఠినమైనది: పోయి కాలినచో నెవరు దిక్కు? దీనికి ముందు ఇంకొక ప్రశ్న వేయవలెను. ఎట్టివాడు పోదగును? నేను చూచిన మన చట్టములలో నెవరు బద్ధులో వ్రాసిరి గాని, వారి కే శిక్షణ యుండవలెనో, కాళ్ళకేమి తొడుగవలెనో, ఏ వయసువాడు పోరాదో వ్రాయలేదు. గార్డులకును ఆఫీసరులకును శిక్షణ కలదు; రాజమహేంద్రవరమున అటవీ అకాడెమీ యున్నది. వేసవికి మాత్రము కూలికి పెట్టుకొను వాచరునకును, కేక విని పోవు మేకలకాపరికిని నేర్పువాడు అనుభవము తప్ప వేఱొకడు లేడు.

అమెరికాలో ఫెడరలు ప్రభుత్వపు అడవులలో పద్ధతి వేఱు. అక్కడ చిచ్చు నార్ప పోవువాడు ముందు పాఠము చదివి, ఏటేట తిరిగి చదివి, దేహపరీక్షలో నెగ్గవలెను. కష్టమైన పనికి పోవువారి పరీక్ష యేమనగా, 45 పౌనుల బరువు, అనగా మన 20 కిలోలు, వీపున మోసికొని మూడు మైళ్ళు 45 నిమిషములలో నడచుట. పరుగెత్తరాదు. నెగ్గినవానికి చీటి యిత్తురు. అందు వాడే పనికి తగునో వ్రాసియుండును. అదుపుమంట నడపువానికి వేఱు యోగ్యత కావలెను. ఫ్లారిడా రాష్ట్రమున 1990లో దీనికై ప్రత్యేకముగ చట్టము చేసిరి. పరీక్ష నెగ్గి ధ్రువపత్రము పొందినవాడు, ఏ గాలిలో, ఏ తేమలో, ఎంతమందితో కాల్చునో ముందే కాగితముమీద వ్రాసి, ప్రభుత్వ అటవీశాఖ అనుమతి తీసికొని, తాను అక్కడనే నిలిచి కాల్పింపవలెను. అట్లు నియమము తప్పక కాల్చినవానికి చట్టము కొంత రక్షణయు నిచ్చును. బాధ్యత గలవానికి రక్షణ నిచ్చుట నాకు మిక్కిలి నచ్చినది. మన పద్ధతిలో బాధ్యత యున్నది, రక్షణ వెదకికొనవలెను.

ఇంత చేసినను అగ్ని యొకరి చెప్పుచేతలలో నుండునది కాదు. 2013 జూన్ 30న ఆరిజోనాలో యార్నెల్ గుట్టకడ ఆఱితేఱిన దళము వారు పందొమ్మండుగురు గాలి తిరుగుటచే చిచ్చులో చిక్కి మరణించిరి. ఆ దళములో బ్రదికినవా డొక్కడే. వాడు దూరముగ నుండి మంట పోకడను గమనించుటకు నియమింపబడినవాడు. 2022లో న్యూమెక్సికోలో ప్రభుత్వమువారే వసంతమున పెట్టిన అదుపుమంట యొకటి పట్టు తప్పెను. అదే ప్రాంతమున జనవరిలో కాల్చిన కట్టెకుప్పలలోని నిప్పు మంచుక్రింద నెలలకొలది దాగి, ఏప్రిలులో లేచి దానితో కలిసెను. రెండును కలిసి 3,41,000 ఎకరములు కాల్చినవి. అటుపైన ఆ దేశపు అటవీశాఖ 90 దినములు అదుపుమంటలన్నింటిని ఆపి విచారణ చేసికొన్నది. బూడిదను చేతితో ముట్టి చూచి గాని యింటికి పోరాదని మా నాయన చెప్పెడివాడు. ఆ మాటకు ఆ యడవి సాక్ష్యము చెప్పినది.

మన దేశపు సంగతియు నిట్టిదే. 2020 ఫిబ్రవరిలో కేరళమున త్రిశూరు జిల్లాలో కొట్టంబత్తూరుకడ ముగ్గురు అటవీ వాచరులు మంటలో పోయిరి. 2024 జూన్‌లో అల్మోడా దాపున బిన్సర్ అభయారణ్యమున నలుగురు సిబ్బంది అక్కడికక్కడే చనిపోయిరి. మన తిరుమల మాట మీ రెఱుగుదురు. 2014 మార్చినెలలో కాకులకొండ, పాపవినాశనము దిక్కుల చిచ్చు కొన్ని దినములు ఆఱలేదు. దేవస్థానపు అటవీ విభాగమువారు, ప్రభుత్వ అటవీశాఖవారు, అగ్నిమాపకదళమువారు చాలక, సైనికులును వాయుసేన హెలికాప్టరులును రావలసివచ్చెను. ఆకాశమునుండి నీళ్ళు పోయుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. ఐతే పైనుండి పడు నీరు మంట పొగరు నణచును గాని, మొద్దులోని నిప్పును ఆర్పదు. తుదకు మండ పట్టుకొని పాదచారి పోవలసినదే.

ఇప్పుడు నిప్పు రాజుకొన్నచోటును ఉపగ్రహములు కనిపెట్టుచున్నవి. డెహరాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ వారు ఆ వార్తను గార్డు చేతిలోని సెల్లుఫోనునకే పంపుదురు. పేరు నమోదు చేసికొన్న సామాన్యులకును పంపుదురు. మీ యూరి యువకులలో నొకనిచేత ఆ పని చేయింపుడు. ఐనను ఆ ఉపగ్రహపు కంటికి 375 మీటరుల చదరమొక చుక్క. ఆ చుక్కలో వంక యెక్కడ, బండ యెక్కడ, ఏ దారిన దిగవచ్చును అనునది మేకలకాపరికి తెలియును. అట్టివాని జ్ఞానమును వాడుకొని, వాని పేరు మాత్రము వ్రాసికొనకపోవుట న్యాయము కాదు.

నా శిష్యుని యర్జీలు తిరిగివచ్చిన పిమ్మట మా యూరి పెద్దలము కూర్చుండి ఒక నోటుపుస్తకమును పెట్టితిమి. సమితివారికిని గార్డుకును చూపి వారి సంతకములు తీసికొంటిమి. పోదగినవారి పేర్లు, వయసు, ఇంటిలో చెప్పవలసినవారి ఫోను అందు వ్రాసితిమి. ఆయాసము, గుండెజబ్బు ఉన్నవారిని, పదునెనిమిదేండ్లు నిండనివారిని వ్రాయలేదు. అఱువది దాటినవారు కొండ యెక్కరాదని పెట్టగా ఇద్దఱు పెద్దలు నామీద కోపించిరి. నా పేరును నేనే కొట్టివేసికొని చూపిన తరువాత శాంతించిరి. చిచ్చు లేచినప్పుడు ఎవరు పిలిచిరో, ఏ వేళ పిలిచిరో, ఎవరెవరు పోయిరో ఆ క్షణముననే అందు వ్రాయవలెను. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి గార్డునకు పంపవలెను. "ఏ పట్టీలో పేరున్నది" అని రేపెవరైన నడిగినచో చూపుటకు మాకొక పట్టీ యున్నది.

పోవువిధమును గూర్చి గార్డు చెప్పినది, మా కాపరులు చెప్పినది కలిపి కొంత నిర్ణయించుకొంటిమి. రబ్బరు చెప్పులు, నైలాను బట్టలు పనికిరావు. అవి కరగి చర్మమున కంటుకొనును. తోలుబూట్లు లేనివాడు క్రిందనే యుండవలెను. నూలుబట్ట, తలకు తువ్వాలు, చేత నీళ్ళు. మిట్టమధ్యాహ్నము మంటకు ఎదురు పోరాదు. ప్రొద్దు వాలి గాలి చల్లబడినప్పుడు చిచ్చు తానే నేలకు దిగును. చిచ్చు వాలు నెక్కునప్పుడు దాని వేగము మనిషి పరుగును మించును గనుక దానికి ఎగువను ఎన్నడును నిలువరాదు. వంకలోనికి దిగరాదు, ఇరుప్రక్కల గట్లు గల వంక పొయ్యిగొట్టమువంటిది. కాలిపోయిన నేలవైపునుండి పోయి మంట ప్రక్కలను కొట్టుకొనుచు ముందుకు రావలెను. ప్రమాదము వచ్చినచో ఆ నల్లని నేలయే శరణ్యము. ఒకడు మండ పట్టక, ఎత్తైన బండమీద నిలిచి గాలిని చూచుచుండవలెను. వాని కేకకు అందఱును మాఱుమాట లేక దిగిరావలెను. ఈ చివరి నియమమునకు యువకులు మొదట నవ్విరి. వాడు పనిదొంగ యనిరి. యార్నెల్ గుట్ట కథ చెప్పిన తరువాత నవ్వుట మానిరి.

ఆపద కలిగినవానికి ఈ పుస్తకమువలన పైకము వచ్చి తీఱునని నేను చెప్పజాలను. ప్రభుత్వముతో పిలుపించుకొని పోయినవాని గాయమునకు ప్రభుత్వమే బాధ్యత వహించునట్లు నియమము స్పష్టముగ నుండవలెనని, కూలి వాచరుల పేర్లు కాలము మొదటనే పట్టీ కెక్కి బూట్లతోపాటు బీమాయు వారికి దొరకవలెనని మాత్రము మా సమితి తీర్మానము చేసి పైకి పంపినది. మీమీ సమితులును పంపవచ్చును. ఒక యూరి కాగితమునకంటె ఇరువది యూళ్ళ కాగితము బరువు.

మొన్న మాఘమాసమున మా గట్టు ఫైరులైనును కాల్పించిరి. తెల్లవాఱకముందే ఆఫీసరు వచ్చి ప్రక్కయూళ్ళకు ఫోను చేసి చెప్పెను. పిడికెడు బూడిద నెగురవేసి గాలి చూచెను. ముందుగ చాపంత మేర మాత్రము అంటించి, అది యెట్లు కాలుచున్నదో కొంతసేపు నిలిచి చూచెను. చిచ్చు తిన్నగ నడచుటచే తక్కినది కాల్చుట కుత్తరు విచ్చెను. మావారు ఇరుప్రక్కల మండలతో నిలిచిరి. నేను క్రింద చింతచెట్టుకడ నీళ్ళ బిందెల దగ్గఱ గూర్చుంటిని. నా ప్రక్కను నోటుపుస్తకము పట్టుకొని నా శిష్యుడు గూర్చుండెను. కొండ యెక్కలేడు గనుక పేర్లు వ్రాయు పని వానికే యిచ్చితిమి. పోవునప్పుడు పదునలుగురిని వ్రాసెను. ప్రొద్దెక్కిన తరువాత బూడిద ముట్టి చూచి దిగివచ్చినవారిని ఒక్కొక్కరిగ పిలిచి పేరు కెదురుగ గీత గీచెను. పదునాలుగు గీతలు వచ్చినవి. పేర్లలో రెండుచోట్ల ఒత్తులు తప్పినవి గాని నేను దిద్దలేదు.